గార్ట్‌సైడ్ గారి సన్మాన పత్రం

అమెరికాలో అరోరాలోనూ ఆ చుట్టుపక్కల ఊళ్ళలోనూ ఏ తెలుగువాడికి శాలువా కప్పాల్సి వచ్చినా సన్మాన పత్రం రాసేది చక్రపాణే. ముప్ఫై ఏళ్ళుగా అదే ఆనవాయితీ. ఆయన చేసిన ఉద్యోగం రాష్ట్ర రహదారుల శాఖలో వంతెనల తనిఖీ. పగులు ఉన్నచోట పగులు ఉందని రాయడం, లేనిచోట లేదని రాయడం. సన్మాన పత్రం దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఆ అలవాటును ఇంట్లో వదిలేసి వెళ్ళేవాడు. పత్రంలో మనిషిని ఒక మెట్టు పైకెక్కించి రాయాలి, అది మర్యాద. గుళ్ళో నాలుగు కీర్తనలు పాడినావిడ గానకోకిల అవుతుంది. పిల్లలకు లెక్కలు చెప్పినాయన గణిత బ్రహ్మ అవుతాడు. వినేవాళ్ళు ఆ మెట్టును మనసులోనే దించుకుని చప్పట్లు కొడతారు. ఎవరికీ నష్టం లేదు.

దమయంతి ఉన్నన్నాళ్ళూ ప్రతి పత్రాన్నీ ముందు ఆవిడకే చదివి వినిపించేవాడు. "ఇది మనం మొన్న కలిసినాయన గురించేనా?" అని అడిగేది ఆవిడ, బెండకాయలు తరుగుతూ. ఆవిడ పోయి నాలుగేళ్ళయింది. ఇప్పుడు వంటింట్లో కూర్చుని తనకు తనే చదువుకుంటున్నాడు. పొద్దున ఎనిమిదింటికి కిటికీలోంచి ఎండ వచ్చి సరిగ్గా ఆయన కుర్చీ మీదే పడుతుంది. ఎవరూ ఏర్పాటు చేయకుండా అంత జరగడం కూడా తక్కువేం కాదని అనుకుంటాడు.

ఈ జూన్‌లో తెలుగు సంఘంవాళ్ళు క్రికెట్ టోర్నమెంట్ ముగింపు రోజున నోయెల్ గార్ట్‌సైడ్‌ను సన్మానించాలని తీర్మానించారు. అరవయ్యేడేళ్ళ ఇంగ్లీషాయన. భార్య కేరల్ పుట్టిల్లు అరోరాయే కాబట్టి రిటైరయ్యాక ఇక్కడికొచ్చి స్థిరపడ్డాడు. మూడు వేసవులుగా శనివారాలు పార్కులో మన పిల్లలకు క్రికెట్ నేర్పుతున్నాడు, ఉచితంగా. పిల్లలకు ఆయన నోయెల్ అంకుల్.

ఆయన్ని మొదటిసారి చూసిన రోజు చక్రపాణికి బాగా గుర్తు. నడకకని పార్కుకు వెళ్ళి, బంతి పట్టుకోవడం నేర్పుతున్న పొడుగాటి ముసలాయన్ని చూసి, ఆగి పేరడిగాడు. పేరు వినగానే వాల్తేరు హాస్టల్ మెస్సు కళ్ళముందుకు వచ్చింది. ఇంగ్లీషు పేపర్లో చివరి పేజీ కింది మూలన, చీమ తలకాయంత అక్షరాల్లో ఇంగ్లండ్ కౌంటీ మ్యాచ్‌ల స్కోర్లు వేసేవాళ్ళు. మెస్సులో ఇడ్లీ వచ్చేలోపు అవి చదవడం ఆయనకు వ్యసనం. అందులో ఒక చిన్న కౌంటీ జట్టులో ఏడో నంబరు బ్యాట్స్‌మన్‌గా, మళ్ళీ బౌలర్ల వరుసలోనూ ఈ పేరు ఉండేది.

"ఆ గార్ట్‌సైడేనా?" అని అడిగాడు చక్రపాణి.

ఆయన చేతిలో బంతి అలాగే ఉండిపోయింది. "నన్ను 'ఆ గార్ట్‌సైడ్' అన్నవాడు ఈ దేశంలో నువ్వొక్కడివే," అన్నాడు. "నిజం చెప్పాలంటే మా దేశంలోనూ ఎవరూ అనలేదు."

అప్పట్నుంచి శనివారాలు చక్రపాణి ఫ్లాస్కులో టీ తీసుకెళ్ళేవాడు. కేరల్ అప్పుడప్పుడూ నారింజ తొక్కలతో చేసిన జామ్ సీసా పంపేది. ఇద్దరూ పచ్చికలో మడతకుర్చీలు వేసుకుని కూర్చునేవాళ్ళు, ఎక్కువ మాట్లాడుకోకుండానే. ఒకసారి మాత్రం గార్ట్‌సైడ్ ఒక సంగతి చెప్పాడు. పక్క ఊళ్ళో టెస్టు మ్యాచ్ జరుగుతుంటే అదనపు ఫీల్డరుగా తనను పిలిచారట. ఇంగ్లండ్ ఆటగాడు ఒకాయనకు కాలు పట్టేసింది. గార్ట్‌సైడ్ నలభై నిమిషాలు మైదానంలో నిలబడి ఒక క్యాచ్ పట్టాడు. అంతే.

పత్రం రాస్తున్నప్పుడు చక్రపాణి చెయ్యి అలవాటు ప్రకారం ఆ ఒక్క మెట్టూ ఎక్కేసింది. 'ఇంగ్లండ్ దేశం తరఫున టెస్టు మైదానంలో నిలిచిన ధీరుడు' అని రాశాడు. అబద్ధం కాదు. నిలిచాడు కదా. పంపే ముందు ఇంకోసారి చదువుకుని, వాక్యం బాగా కుదిరిందని సంతోషించాడు కూడా.

సంఘం క్రీడా కార్యదర్శి అవినాష్. నలభై ఏళ్ళవాడు, ఒక చెవికి ఎప్పుడూ ఫోనే. ఆ వాక్యం చూసి రెండో మెట్టు అతను ఎక్కించాడు. బుధవారం సాయంత్రానికి వాట్సాప్ గ్రూపులన్నిట్లో ఫ్లయర్ తిరిగింది. గార్ట్‌సైడ్ ఫోటో, కింద పసుపు అక్షరాలు: ఇంగ్లండ్ టెస్ట్ స్టార్‌కు ఘన సన్మానం.

గురువారం పొద్దున్నే గార్ట్‌సైడ్ చక్రపాణి ఇంటికొచ్చాడు. ముందుగా ఫోన్ చేయకుండా ఆయన రావడం అదే మొదలు. జేబులోంచి ఫోన్ తీసి టేబుల్ మీద పెట్టాడు. ఎవరో పిల్లవాడి తల్లి కేరల్‌కు ఆ ఫ్లయర్ పంపింది.

"టీ తాగుతావా?"

"తర్వాత. ముందు నాకొకటి చెప్పు. మీవాళ్ళు నా గురించి ఏదో చదువుతారట కదా, ఫ్రేము కట్టించి ఇస్తారట. రాసింది నువ్వేనట. అందులో ఏముందో ఇంగ్లీషులో చెప్పు."

చక్రపాణి కాగితం తెచ్చి ఒక్కొక్క వాక్యమే ఇంగ్లీషులోకి మార్చి చెప్పడం మొదలుపెట్టాడు. తెలుగులో గంభీరంగా వినిపించిన మాటలు ఇంగ్లీషులోకి వచ్చేసరికి పెళ్ళికి అరువు తెచ్చుకున్న కోటులా వదులుగా వేలాడాయి. 'క్రికెట్ క్షేత్రాన కృషీవలుడు' దగ్గర గార్ట్‌సైడ్ చిన్నగా నవ్వాడు. టెస్టు మైదానం వాక్యం దగ్గరికి రాగానే చక్రపాణి గొంతు తగ్గిపోయింది. అయినా చదివాడు.

గార్ట్‌సైడ్ నవ్వలేదు. "నలభై నిమిషాలు, పాణీ," అన్నాడు. "ఒకడికి కాలు పట్టేస్తే."

"తెలుసు. మా దగ్గర ఇలా రాయడం ఒక పద్ధతి. వినేవాళ్ళు తగ్గించుకునే వింటారు."

"కావచ్చు. కానీ దేశానికి ఆడితే ఇచ్చే ఆ టోపీ కోసం ప్రాణం పెట్టి ఆడినవాళ్ళు నాకు తెలుసు. ఒక్క టెస్టు ఆడి, సున్నాకి ఔటై, జీవితమంతా దాని గురించే బాధపడ్డవాడు నా పెళ్ళిలో తోడు నిలబడ్డాడు. వాడి సున్నా కూడా వాడు సంపాదించుకున్నదే. నేను సంపాదించుకోనిది నా మీద కప్పితే ఎట్లా మోయను?" ఫోన్ తీసుకుని జేబులో పెట్టుకున్నాడు. "ఆదివారం మేము రాక్‌ఫర్డ్‌లో కేరల్ వాళ్ళ చెల్లెలి ఇంటికి వెళ్తాం. నీ మీద నాకేం కోపం లేదు."

కోపం లేదన్న మాటే చక్రపాణిని ఎక్కువ బాధపెట్టింది. మూడేళ్ళుగా శనివారాలు ఆయన పక్కన కూర్చుంటూ, రాయడానికి కూర్చున్నప్పుడు తాను ఆయన్ని కాక ఎవరినో ఊహించుకుని రాశాడు.

"కూర్చో నోయెల్," అన్నాడు. "నువ్వేం ఆడావో చెప్పు. ఉన్నది ఉన్నట్టు. అదే రాస్తాను, అదే చదువుతాను."

"అది చదివితే మీ జనం నిద్రపోతారు."

"మావాళ్ళు పత్రాలు వింటూ నిద్రపోవడం కొత్తేం కాదు. చెప్పు."

ఆ రోజు గార్ట్‌సైడ్ మధ్యాహ్నం దాకా ఉండిపోయాడు. చక్రపాణి పెరుగన్నం కలిపి పెడితే, నిమ్మకాయ ఊరగాయ వేలితో అద్దుకుంటూ తిన్నాడు. మొదట్లో మాట మాట అడిగి రాబట్టాల్సి వచ్చింది, తర్వాత తనంతట తానే చెప్పాడు.

పదిహేడు సీజన్లు ఒకే కౌంటీకి ఆడాడు. రెండువందల ఎనభై ఆరు మ్యాచ్‌లు. మూడే సెంచరీలు, ఆరువందల రెండు వికెట్లు. ఏప్రిల్ నుంచి సెప్టెంబరు దాకానే జీతం. చలికాలం వస్తే పరుపుల ఫ్యాక్టరీలో స్ప్రింగులు బిగించేవాడు. "ఆ పని మణికట్టుకు మంచిది," అన్నాడు, అదేదో అదృష్టమన్నట్టు.

అక్కడ జట్టులో ఆడినంత మాత్రాన కౌంటీ టోపీ ఇవ్వరు. ఇతను మనవాడు అని కెప్టెన్‌కు అనిపించిన రోజునే ఇస్తాడు. రెండేళ్ళకే వచ్చినవాళ్ళున్నారు. గార్ట్‌సైడ్‌కు ఆరేళ్ళు పట్టింది. ఒక వానరోజు ఆట లేక అందరూ గదిలో పేకాడుతుంటే, కెప్టెన్ సంచిలోంచి టోపీ తీసి ఆయన ఒళ్ళోకి విసిరి, "ఇది ఎప్పుడో ఇవ్వాల్సింది. టీ చల్లారిపోతోంది, తాగు," అన్నాడట. అంతే ఉపన్యాసం. స్నానాల గదిలోకి వెళ్ళి కుళాయి తిప్పి, ఆ చప్పుడులో ఏడ్చానని గార్ట్‌సైడ్ ఏ సిగ్గూ లేకుండా చెప్పాడు.

"బౌలింగు?" అని అడిగాడు చక్రపాణి.

"మా మైదానం కొండవాలులో ఉండేది. పైనుంచి కిందికి గాలి. మా జట్టులో ఒక పెద్ద ఫాస్ట్ బౌలరు ఉండేవాడు, దేశానికి ఆడినవాడు. అతను గాలి వెనక నుంచి తోస్తుంటే, వాలు వెంట పరుగెత్తుకొచ్చేవాడు. అలాంటివాడికి ఆ వైపే ఇవ్వాలి. కానీ ఓవరుకు ఓవరుకు మధ్య రెండోవైపు నుంచి ఎవరో ఒకడు వేయాలి కదా. గాలికి ఎదురుగా, ఎత్తు ఎక్కుతూ."

"ఎన్నాళ్ళు వేశావు?"

"పదిహేడేళ్ళు."

చక్రపాణి రాస్తున్న పెన్ను ఆగింది. హాస్టల్లో తాను ఆ స్కోర్లు చదివినప్పుడు ఫాస్ట్ బౌలరు పేరు పక్కన ఏడు వికెట్లు, ఈయన పేరు పక్కన ఒకటో రెండో ఉండేవి. ముప్ఫై ఓవర్లు వేసి ఒక్కటేనా అని అప్పుడు తేలిగ్గా అనుకున్నాడు. ఆ ముప్ఫై ఓవర్లూ గాలికి ఎదురుగా వేసినవని పేపరు చెప్పలేదు.

చివరి మ్యాచ్ సంగతి గార్ట్‌సైడ్ నిలబడి, కారు తాళాలు చేతిలో పట్టుకుని చెప్పాడు. వచ్చే ఏడాది నీతో పని లేదని ఉత్తరం ముందే వచ్చింది. తన చోట ఎవరు వస్తున్నారో కూడా తెలుసు. ఆఖరి రోజు భోజన విరామంలో ఆ కొత్త బౌలరును తీసుకెళ్ళి, వాలు ఎక్కడ మొదలవుతుందో, గాలి ఎన్ని గంటలకు మళ్ళుతుందో, ఎడమ మడమ ఎక్కడ ఆనించాలో చూపించాడు.

"ఎందుకు చూపించావు?"

"ఇంకెవరికి చూపించను?" అన్నాడు గార్ట్‌సైడ్. గుమ్మం దగ్గర ఆగాడు. "సరే, ఆదివారం వస్తాను. కేరల్ ముందు వరుసలో కూర్చుంటుంది. నేను వెనక తలుపు దగ్గర నిలబడతాను. ఇవాళ నీకు చెప్పిన మనిషిని చదివితే వేదిక మీదికి వస్తాను. ఆ పసుపు అక్షరాల మనిషిని చదివితే, కారు తలుపు బయటే ఉంటుంది, వెళ్ళిపోతాను."

చక్రపాణి వెంటనే అవినాష్‌కు ఫోన్ చేశాడు.

"అంకుల్, ఫ్లయర్ ఆల్రెడీ వెళ్ళిపోయింది. బ్యానర్ ప్రింట్ అయింది. ఫ్రేమ్ కూడా రెడీ," అన్నాడు అవినాష్. "ఎవరు చెక్ చేస్తారంకుల్ ఇవన్నీ?"

"ఎవరూ చెక్ చేయరు. ఆయనకు తెలుసు, నాకు తెలుసు. తప్పు నాతోనే మొదలైంది. ఆయన టెస్టు ఆడలేదని చదువుతాను."

"ఆడలేదు అని సన్మాన పత్రంలో ఎవరైనా రాస్తారా అంకుల్? స్పాన్సర్ వీరభద్రం గారు ఏమనుకుంటారు? ఆయనకి కూడా సన్మానం ఉంది, దీని తర్వాత వెంటనే. హాల్ ఫుల్ అవుతుంది. మూడ్ పోతుంది."

"మూడు పోతే నన్ను తిట్టుకో. ఇన్నేళ్ళలో నిన్ను నేనేమైనా అడిగానా?"

"మీరు అడగలేదు," అన్నాడు అవినాష్. "అదే ప్రాబ్లం. బ్యానర్ మాత్రం నేనేం చేయలేను అంకుల్. చదివేది మీ ఇష్టం."

ఆదివారం గుడి పక్కన హాలు నిండింది. నాలుగింటికి సభ. వేదిక వెనక ఆ చివర నుంచి ఈ చివరి దాకా బ్యానరు, పసుపు అక్షరాలతో సహా. కేరల్ మొదటి వరుసలో ఒక్కతే కూర్చుంది. పక్క కుర్చీలో ఆవిడ చేతిసంచి.

సభ నడిపిస్తున్నది అనిక. పదహారేళ్ళ పిల్ల, గార్ట్‌సైడ్ దగ్గర బౌలింగు నేర్చుకుంటోంది. మైకు పక్కకు జరిపి చక్రపాణి చెవిలో చెప్పింది: "అంకుల్, నోయెల్ అంకుల్ బ్యాక్‌లో ఉన్నాడు, డోర్ దగ్గర. ఐ వేవ్డ్. కానీ రావడం లేదు. ఈజ్ హీ ఓకే?"

"ఓకేనో కాదో ఇప్పుడు తెలుస్తుందమ్మా," అన్నాడు చక్రపాణి.

మైకు ముందు నిలబడి చొక్కా జేబులోంచి రెండు కాగితాలు తీశాడు. ఫ్రేము పక్కన బల్ల మీద ఉంది, దాన్ని ముట్టుకోలేదు. అలవాటైన ముఖాలు. చాలామందికి తానే ఏదో ఒక బిరుదు ఇచ్చాడు. వెనక తలుపు దగ్గర వెలుతురుకు అడ్డంగా ఒక పొడుగాటి నీడ. మైకు కీచుమనకుండా మొదటిసారే పనిచేసింది, ఆ హాల్లో అది చాలా అరుదు.

"ముందుగా ఒక మాట," అన్నాడు. "నా వెనక బ్యానరు మీద రాసింది నిజం కాదు. నోయెల్ గార్ట్‌సైడ్ గారు ఇంగ్లండ్‌కు టెస్టు ఆడలేదు. ఆ తప్పుకు మూలం నేను. నేను ఒకటి పెంచి రాస్తే అది రెండయింది. ఆయన అలా చెప్పుకోలేదు, ఎవరూ అనుకోకూడదనే నా దగ్గరికొచ్చారు."

హాల్లో గుసగుస. అవినాష్ ఫోను చూసుకుంటున్నట్టు తల దించుకున్నాడు. చక్రపాణి అదే మాట ఇంగ్లీషులో చెప్పి, ఒక వాక్యం తెలుగు, ఒక వాక్యం ఇంగ్లీషుగా పత్రం చదవడం మొదలుపెట్టాడు.

"అయ్యా గార్ట్‌సైడ్ గారూ. మీరు పదిహేడేళ్ళు ఒకే జట్టుకు ఆడారు. ఆరు నెలలు మైదానంలో, ఆరు నెలలు పరుపుల ఫ్యాక్టరీలో పనిచేశారు. మీ టోపీ కోసం ఆరేళ్ళు ఎదురుచూశారు, ఏ రోజూ అడగలేదు. మీరు చేసిన సెంచరీలు మూడు. మీరు ముప్ఫై, నలభై పరుగులు చేసి జట్టును ఒడ్డుకు చేర్చిన రోజులు ఎన్నో మీకే తెలియదు. మీ జట్టులో గొప్ప బౌలరుకు వెనక నుంచి గాలి వీచేది. రెండోవైపు నుంచి, గాలికి ఎదురుగా, ఎత్తు ఎక్కుతూ బంతి వేసింది మీరు. పదిహేడేళ్ళూ మీరే. దేశం మైదానంలో నలభై నిమిషాలు నిలబడి ఒక క్యాచ్ పట్టారు. స్కోరుకార్డులో మీ పేరు వేయలేదు. మిమ్మల్ని వద్దన్న రోజున, మీ స్థానంలో వచ్చే మనిషికి ఆ గాలి సంగతి చెప్పి వచ్చారు. ఇప్పుడు శనివారాల్లో మా పిల్లలకు చెబుతున్నారు. మేము ఇంతకంటే పెద్ద మాట ఏదీ చేర్చడం లేదు."

చదవడం అయిపోయింది. చప్పట్లు లేవు. ఇలాంటి పత్రం ఎక్కడ ఆగుతుందో జనానికి అలవాటు లేదు. చక్రపాణి తలుపు వైపు చూశాడు. అక్కడ నీడ లేదు, ఖాళీ వెలుతురు ఉంది.

అప్పుడు చప్పట్లు మొదలయ్యాయి, ముందు వరుసల్లో కాదు, వెనక. ఆ తర్వాత మధ్యలో. జనం కుర్చీల్లోంచి లేస్తున్నారు. వాళ్ళ మధ్యగా, నడవాలో, గార్ట్‌సైడ్ వస్తున్నాడు. నీలం కోటు, కుడి మోకాలు కొద్దిగా ఈడుస్తూ. మధ్యలో కేరల్ దగ్గర ఆగి, ఆవిడ చేతిసంచి తీసి ఆవిడ ఒళ్ళో పెట్టి, మెట్లెక్కి వచ్చాడు. అనిక శాలువా పట్టుకుని, ఆయన పొడుగుకు అందక, మునివేళ్ళ మీద లేచి కప్పింది.

"గాలి మాట బాగా చెప్పావు," అన్నాడు గార్ట్‌సైడ్, చక్రపాణికి మాత్రమే వినిపించేలా. ఫ్రేము వద్దన్నాడు. ఆ రెండు కాగితాలూ అడిగి తీసుకుని, మడిచి లోపలి జేబులో పెట్టుకున్నాడు. కిందికి దిగి కేరల్ పక్కన కూర్చున్నాడు.

తర్వాత వీరభద్రం వంతు. ఇళ్ళు అమ్మించే వ్యాపారం, టోర్నమెంటుకు స్పాన్సరు. పట్టు కండువాతో వేదిక ఎక్కాడు. ఆయన పత్రం చక్రపాణి పోయిన నెల రాసిందే: అభినవ దానకర్ణుడు, అరోరా నగర రత్నం. చక్రపాణి దాన్ని చేతిలోకి తీసుకోగానే వీరభద్రం దగ్గరికి జరిగాడు.

"పాణిగారూ," అన్నాడు మైకుకు అరచెయ్యి అడ్డం పెట్టి. "ఆయన తర్వాత నాకు కర్ణుడు అంటే బాగుండదండీ. నేను కూడా ఏదో ఒకటి చేసే ఉంటాను కదా. అది చదవండి."

చక్రపాణి కాగితం మొదటి నుంచి చివరి దాకా చూశాడు. పెన్ను తీసి ఒక్కొక్క బిరుదే కొట్టేశాడు. జనం ఓపిగ్గా కూర్చున్నారు. కొట్టేయగా అడుగున ఒక్క వాక్యం మిగిలింది.

"వీరభద్రం గారు ప్రతి శనివారం పొద్దున్నే తన ట్రక్కులో రోలరు తెచ్చి, పిచ్‌ను తనే చదును చేసి, పిల్లలు వచ్చేలోపు వెళ్ళిపోతారు," అని చదివాడు.

వాక్యం పూర్తవుతూనే శాలువా భుజం మీదినుంచి జారిపోతున్నా పట్టించుకోకుండా, అందరికంటే ముందు చప్పట్లు కొట్టింది గార్ట్‌సైడ్.